లైటుకు చెట్టు అడ్డం

అక్టోబరు 6, సోమవారం

కొండలరావు తన మూడో అంతస్తు పిట్టగోడకు లైటు పెట్టించాడు. లైటు అంటే మామూలు లైటు కాదు, క్రికెట్ మైదానంలో పెట్టవలసిన వస్తువు. అది అతని వాకిట్లో అద్దెవాళ్ళ స్కూటర్ల మీద పడాలి. మా పడకగదిలో పడుతోంది. మధ్యలో మా ఏడాకుల చెట్టు ఉంది కాబట్టి కొంత అది మింగుతోంది. మిగిలింది ఆకుల సందుల్లోంచి వచ్చి గోడ మీద కదులుతూ ఉంటుంది, పురుగులు పాకుతున్నట్టు.

భ్రమరాంబ అటు తిరిగి పడుకుంది. నేను కూర్చున్నాను.

పొద్దున్న అతన్ని గేటు దగ్గర పట్టుకుని అడిగాను.

"స్కూటర్లలోంచి పెట్రోలు తీసీస్తన్నారు బావా. రోజూ గొడవే. లైటుంటే కాస్త బెదురుంటాది."

"వెలుతురు మా మంచం మీద పడుతోంది."

"మంచం ఇటు జరుపుకో మరి."

బావ అట. పోర్టులో అతను క్రేను నడిపేవాడు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సూపరింటెండెంటుని. మాది రాజోలు, అతనిది తగరపువలస అవతల ఏదో పల్లె. ఏ వరసన బావనో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆ పిలుపుకి నేను ఒక్కసారి కూడా పలకలేదు. అతను పిలవడం మానలేదు.

అక్టోబరు 8

చదివాను. కొన్ని దేశాల్లో ఇళ్ళ బయట పెట్టే లైట్లకు కూడా చట్టాలున్నాయి. లైటుకు టోపీ ఉండాలి, వెలుతురు కిందికే పడాలి, ఫలానా వేళకు ఆర్పెయ్యాలి. వాళ్ళు పక్షుల కోసం, నక్షత్రాల కోసం రాసుకున్నారు. మన దగ్గర మనుషుల కోసం కూడా రాయలేదు. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, లైటు పెట్టాలంటే అక్కర్లేదు.

అయినా పాత న్యాయసూత్రం ఒకటుంది. నీ ఆస్తిని నువ్వు అనుభవించు, కానీ పొరుగువాడికి కీడు కలగకుండా అనుభవించు. ఇది కొండలరావుకి లాటిన్లో చెప్పినా ఒకటే, తెలుగులో చెప్పినా ఒకటే.

అక్టోబరు 9

నిద్ర లేదు.

అక్టోబరు 10

వార్డు ఆఫీసుకు వెళ్ళాను. నిఖిత అనే అమ్మాయి ఫిర్యాదులు ఫోనులో ఎక్కిస్తుంది. నేను రాసుకుని వెళ్ళిన అర్జీ తీసుకోలేదు, నోటితో చెప్పమంది. ఆమె తల వెనక గోడ మీద బోర్డు: 'పిర్యాదులు స్వీకరించబడును.' ఫ పలకడం చేతకాకపోతే పోనీ, రాయడమైనా రావాలి కదా.

"ఏటి ప్రాబ్లం తాతగారూ?"

"పక్కింటి లైటు మా గదిలోకి కొడుతోంది. మధ్యలో చెట్టు అడ్డం ఉన్నా కొడుతోంది."

"స్ట్రీట్ లైటాండీ?"

"వీధికీ దానికీ సంబంధం లేదు. ప్రైవేటు లైటు."

"ప్రైవేటు లైటు అని ఇందులో లేదండి. 'లైటు వెలగట్లేదు' అని ఉన్నాది, 'లైటుకు చెట్టు అడ్డం' అని ఉన్నాది. ఏది పెట్టమంటారు?"

"మొదటిది ఎలా అవుతుంది? బ్రహ్మాండంగా వెలుగుతోంది. అదే కదా నా ఏడుపు."

"అయితే చెట్టు అడ్డం. కొట్టించీమంటారా?"

అప్పటికి నేను లేచి బోర్డు దగ్గర నిలబడి ఉన్నాను. ఫిర్యాదు అనేది మనకు పారశీకం నుంచి వచ్చిన మాట అనీ, దాన్ని ప తో రాస్తే ఆ మాట పుట్టుకే పోతుందనీ చెబుతున్నాను. "ఊఁ, ఊఁ, ఏదో ఒకటి పెట్టమ్మా, ముందు ఇది విను" అన్నాను. విన్నది. "మార్పించీస్తాను తాతగారూ" అంది. మంచి పిల్ల. నా ఫోనుకు ఫిర్యాదు నంబరు వచ్చింది.

చాలా రోజులకు ఒక పని సక్రమంగా చేసిన తృప్తి.

అక్టోబరు 14

చెట్టు మొగ్గ తొడిగింది. కొమ్మల చివర్లన్నీ గుత్తులు. హుద్‌హుద్ తుఫాను తరవాత కాలనీ అంతా గుండు గీయించుకున్నట్టు నిలబడితే, ఊళ్ళో ఉచితంగా పంచిన మొక్కల్లో ఇదొకటి తెచ్చి గోడవార నాటాను. ఆ రోజు నవ్వినవాళ్ళు ఇప్పుడు దీని నీడలో కార్లు పెట్టుకుంటున్నారు. ఈ కాలనీలో నా మాట విని పెరిగింది ఇదొక్కటే.

అక్టోబరు 16



పొద్దున్నే వీధిలో లారీ ఆగింది. నిచ్చెన దింపారు, రంపం దింపారు. మోటారు రంపం. ఎల్లాజీ అట వాళ్ళ మేస్త్రీ పేరు.

"చెట్టు కొట్టీడానికి వచ్చినాం సార్. లైటుకి అడ్డమంట కదా."

"ఎవడు చెప్పాడు?"

"కంప్లైంట్ వచ్చింది సార్."

"ఎవడిచ్చాడు కంప్లైంటు?"

ఫోను పైకీ కిందికీ జరిపాడు. "తిరుమలరావు అని ఉన్నాది."

"తిరుమలరావు నేనే."

"మరింకేటి సార్. మీరే ఇచ్చి మీరే అడ్డం పడిపోతే మేమెలగ సేసీది?"

కొండలరావు పైనుంచి చూస్తున్నాడు, పళ్ళు తోముకుంటూ. "ఏటి బావా, చెట్టు కొట్టించీస్తన్నావేటి? ముందే సెప్తే స్కూటర్లు తీయించీసీవోణ్ణి కదా."

నాకు అప్పుడే అంతా అర్థమైపోయింది. నా పేరు పెట్టి తనే ఇచ్చాడు. చెట్టు పోతే అతని లైటు ఆకులూ అలములూ లేకుండా తిన్నగా మా మంచం మీదికి వస్తుంది. ఎంత తెలివి. క్రేను మీద కూర్చున్నవాడికి ఇంత తెలివి ఉందని ఆ రోజుల్లోనే కనిపెట్టవలసింది.

చెట్టు మొదలుకి వీపు ఆనించి నిలబడ్డాను. రంపం పెడితే ముందు నాకు పెట్టమన్నాను. ఎల్లాజీ చాలాసేపు నన్నూ చెట్టునీ చూశాడు. "మాకేటి సార్, వద్దంటే వద్దు" అని నిచ్చెన ఎక్కించుకున్నాడు.

ఈ పాడు భాషలో లైటూ కొడుతుంది, ఎండా కొడుతుంది, వాసనా కొడుతుంది, చెట్టునీ కొడతారు. ఆ నిఖిత ఏమైనా పొరబడిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. లేదు. అంత స్పష్టంగా చెప్పాను. ఇది కొండలరావు పనే.

అక్టోబరు 18

భ్రమరాంబకు దగ్గు. కాలం మారింది కదా.

అక్టోబరు 21

నిన్న దీపావళి. కాలనీ అంతా పొగ. తెల్లవార్లూ దగ్గింది. టపాకాయల మీద కూడా ఒక రూలు ఉండాలి. ఆదివారం అసోసియేషన్ మీటింగుకి రాసుకుంటున్న వాటిలో దాన్ని కూడా చేర్చనా అనుకున్నాను. వద్దు. మొదట లైట్లు, చెట్లు. అన్నీ కలిపితే ఏదీ నెగ్గదు.

అక్టోబరు 24

పూత విరిసింది. రాత్రయ్యేసరికి వీధి మొగ దాకా వాసన. నాకు బాగానే ఉంది. ఏదో పాత సంస్కృత కావ్యంలో నడుస్తున్నట్టుంది. భ్రమరాంబ కిటికీలు మూసేసింది.

"ఏటండి ఆ కంపు. తల పగిలిపోతంది."

"కంపు కాదు, పరిమళం."

"మీకు పరిమళం. నాకు గాలాడట్లేదు."

హార్బరు వైపు నుంచి వచ్చే గాలిలో బొగ్గు దుమ్ము ఉంటుంది. దాని వల్ల. కిటికీలు మూసుకోవడం మంచిదే.

అక్టోబరు 26, ఆదివారం

మీటింగు. ఇది వివరంగా రాసుకోవాలి.

అధ్యక్షుడు సన్యాసిరాజు. కాలనీలో పెద్ద ఇల్లు ఉండటం తప్ప మరో అర్హత లేని మనిషి. మైకు అక్కర్లేని షెడ్డులో మైకు పెట్టించి మాట్లాడతాడు. నా తీర్మానాలు రెండూ అతనే చదివాడు, నత్తి నత్తిగా. మొదటిది: 'ఇంటి వెలుపల అమర్చు దీపముల కాంతి ఆ ఇంటి హద్దులు దాటి ప్రసరింపరాదు.'

కొండలరావు లేచాడు. "నా గోడ, నా లైటు, నా కరెంటు బిల్లు. ఎలుగుని హద్దు కాడ ఆగిపోమని నాను సెప్తే అది ఇంటాదేటి? సన్యాసిరాజుగారూ, మీరే సెప్పండి, ఎండని ఆపగలరేటి? బావ కళ్ళు మూసుకుంటే సీకటే కదా."

నవ్వులు. లేడీస్ హాస్టల్ నడిపే రాణి కూడా లేచింది.

"మా పిల్లలు ఎనిమిదింటికి, తొమ్మిదింటికి డ్యూటీల నుంచి వస్తారండి. ఆ లైటు వచ్చాకే సందులో కుర్రాళ్ళు నిలబడడం మానీసినారు. రూలెట్టి తీయించీస్తారా?"

దానికి నేను ఏం చెప్పానో గుర్తులేదు. మొదటి తీర్మానం పోయింది. ఒక్క చెయ్యి లేచింది, అది నాది.

రెండోది చెట్లది. దీనికి నేను మాట్లాడాను. చెట్టు ఎవరి సొత్తూ కాదు అన్నాను. పాతినవాడు దానికి కాపలావాడు మాత్రమే, యజమాని కాడు. అందుచేత యజమాని కోరినా సరే ఈ కాలనీలో చెట్టు కొట్టడానికి వీల్లేదు. చెట్టు వల్ల ఇబ్బంది ఉన్నదని ఆనుకుని ఉన్న ఇంటివాడు కారణం రాసి, సంతకం పెట్టి, అసోసియేషన్‌కు ఇవ్వాలి. అసోసియేషన్ తీర్మానించి పంపితేనే వార్డు ఆఫీసులో కదలాలి. కొండలరావు వైపు చూస్తూ చెప్పాను. ఇక దొంగచాటుగా ఒకడి పేరు పెట్టి మరొకడు ఫిర్యాదు చెయ్యడం కుదరదు. రాసి ఇవ్వాలి. అతనికి సంతకం తప్ప రాయడం రాదు.

"మరి లైటు విషయంలో అలగ అనలేదేటి బావా? లైటుకి కూడా నాను కాపలావోణ్ణే కదా" అన్నాడు. జవాబు చెప్పదగ్గ ప్రశ్న కాదు.

ఏకగ్రీవంగా నెగ్గింది. చెట్లున్న ఇళ్ళు ఎన్నని, అడ్డు చెప్పడానికి? సన్యాసిరాజు చేత ఆ తీర్మానం కాపీ వార్డు ఆఫీసుకి పంపించాను. మళ్ళీ లారీ వస్తే ఆ కాపీ చూపిస్తాను.

అందరూ లేస్తుంటే రాణి దగ్గరికొచ్చి, "ఆ పూతకి మా పిల్లలు ముక్కులు మూసుకుంటన్నారండి, ఒకమ్మాయికి ఆయాసం కూడా వచ్చింది" అంది. హాస్టళ్ళలో తిండి బాగుండకపోతే అన్నీ వస్తాయి.

ఇంటికొచ్చి భ్రమరాంబకు చెప్పాను, నెగ్గామని. దగ్గు ఆగాక, "ఎవళ మీద?" అంది.

అక్టోబరు 30

ఆవిడ వంటింట్లో పడుకుంటోంది. అక్కడికి లైటు పడదు. అందుకే అనుకుంటాను.

నవంబరు 3

సీతమ్మధారలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. యశస్విని అని, చిన్నపిల్ల. గొట్టంలోకి ఊదించింది. ఎప్పటి నుంచి, ఏ వేళల్లో ఎక్కువ, పోయినేడు కూడా వచ్చిందా అని అడిగింది.

"పోయినేడు కూడా ఇదే రోజులమ్మా. ఈయన నిమ్ము అన్నారు" అంది భ్రమరాంబ.

"ఇంటి దగ్గర ఏడాకుల చెట్టు ఏదైనా ఉందా అంకుల్? ఈ సీజన్లో చాలామందికి దాని పూతతోనే వస్తోంది."

"ఊరంతా ఉన్నాయి కదమ్మా" అన్నాను.

భ్రమరాంబ నా వైపు చూసింది. ఆటోలో అటు తిరిగి కూర్చుంది.

డాక్టర్లకు వృక్షశాస్త్రం ఎవరు చెబుతారు? ఒకరు ఏదో పత్రిక్కి చెబుతారు, మిగిలినవాళ్ళు దాన్నే వల్లిస్తారు. పుప్పొడి ఇంత బరువుంటే గాలిలో ఎగరదు, అంత ఉంటే ఎగురుతుంది అని లెక్కలున్నాయి. వెతికి చూడాలి. పీల్చే మందు ఇచ్చింది. దానితో తగ్గుతుంది.

నవంబరు 5

కొద్దిగా తగ్గింది.

నవంబరు 6

తగ్గలేదు. పొద్దున్న చెట్టు కింద ఊడుస్తూ చీపురు వదిలేసి లోపలికి వచ్చేసింది. ఇక నేనే ఊడుస్తానని చెప్పాను. పూవంతా పోగు చేసి గోడ అవతల పోశాను, కొండలరావు వైపు. చిన్న పని. కానీ బాగుంది.

నవంబరు 7

వెతికాను. తేలికైన పుప్పొడి చాలా దూరం వెళుతుందట. అయితే ఏడాకుల చెట్టు గురించి ప్రత్యేకంగా నాకు దొరకలేదు. దొరకలేదంటే లేదనే కదా.

నవంబరు 9, ఆదివారం

సాయంత్రం దీపం పెట్టి మెట్ల మీద కూర్చుండిపోయింది. మాట రాలేదు. పెదవులు నల్లగా. పీల్చే మందు చేతిలోనే ఉంది, పీల్చడానికి ఊపిరి లేదు. నేను చెప్పులు వెతుకుతున్నాను. కొండలరావు గోడ దూకి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఆవిడని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. దారంతా "ఊపిరి తియ్యమ్మా, తియ్యమ్మా, అదే, అలగ" అంటూ ఉన్నాడు. నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరిగితే ఏం కనబడుతుందో అని తిరగలేదు.

ఆస్పత్రిలో ముక్కుకి మాస్కు పెట్టి మందు పొగ పట్టారు. ఊపిరి ఆడింది.

నవంబరు 12

భ్రమరాంబను వాళ్ళ చెల్లెలు గౌరీశ్వరి తీసుకెళ్ళిపోయింది, తగరపువలస. కొన్నాళ్ళు అక్కడ ఉంటే తేరుకుంటుందని. నాలుగు చీరలు చాలన్నాను. పెట్టె నింపుకుంది.

నవంబరు 13

ఇల్లు నిశ్శబ్దం. దగ్గు లేకపోతే ఇంత నిశ్శబ్దమని తెలియదు. ఫోను చేశాను. గౌరీశ్వరి ఎత్తింది. "నిద్రపోతంది బావగారూ. మంచి నిద్ర." ఆ 'మంచి' అన్న మాట నొక్కింది.

నవంబరు 15

ఫోను చేశాను. భ్రమరాంబే ఎత్తింది. గొంతు బాగుంది. పీల్చే మందు రెండు రోజులుగా తీసుకోలేదట. అక్కడ గాలి తేడా. సముద్రం దగ్గర కదా. మనకీ సముద్రం దగ్గరే, కానీ ఇక్కడ హార్బరు.

నవంబరు 17

ఎప్పుడొస్తావని అడిగాను. "చూద్దాం" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఆ మాట నాతో అనలేదు. చూద్దాం అనేది ఎప్పుడూ నేను.

నవంబరు 19

తగరపువలస వెళ్ళాను. బస్సులో నిలబడి. భ్రమరాంబ వాకిట్లో చేపలవాడితో బేరమాడుతోంది, గట్టిగా, మధ్యలో ఆగకుండా. ఒకే ఊపిరిలో అంత పొడుగు వాక్యం ఆవిడ నోట విని నెల దాటింది. నన్ను చూడలేదు. గేటు దగ్గరే నిలబడి విన్నాను.

భోజనాల దగ్గర చెప్పాను. డిసెంబరు వస్తే పూత రాలిపోతుంది, అప్పుడు వద్దువుగాని అని.

"మళ్ళీ ఏడో?"

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు."

"ఏడాదికి రెండు నెలలు నాను ఇల్లొదిలి చెల్లెలింట్లో ఉండాలేటండి? ఆవిళ ఆడబడుచులు రారా, పోరా?" కంచంలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "డాక్టరమ్మ అడిగింది. ఊరంతా ఉన్నాయన్నారు. నాను పక్కనే ఉన్నాను. చెట్టుంటే నాను రాను. మీకు ఏది గావాలో సూసుకోండి."

గౌరీశ్వరి కావాలని పులుసు వడ్డించడానికి వంగింది, నా మొహం కనబడేలా.

తిరుగు బస్సులో ఆలోచించాను. ఆవిడ తప్పు ఏమీ లేదు. మందుల ప్రభావంలో మనుషులు కఠినంగా మాట్లాడతారు.

నవంబరు 20

చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పూవు నెత్తిన రాలుతోంది. నాకు ఏ ఆయాసమూ రాలేదు. గట్టిగా పీల్చి చూశాను. రాలేదు.

నవంబరు 21

మళ్ళీ అదే కల. మెట్ల మీద కూర్చుని ఉంది, పక్కన ఎవరూ లేరు, నేను చెప్పులు వెతుకుతున్నాను.

నవంబరు 22

సన్యాసిరాజు ఇంటికి వెళ్ళాను. మా చెట్టు తీయించదలుచుకున్నాను, వార్డు ఆఫీసుకి ఒక ముక్క రాసివ్వమన్నాను. అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఈ క్షణం కోసమే బతికినవాడిలా.

"అవదు కదండీ తిరుమలరావుగారూ. యజమాని కోరినా సరే వీల్లేదని మీరే కదా రాసినారు. ఆ కాపీ వార్డు ఆఫీసులో ఇచ్చినాం. ఇప్పుడు నాను ఎలగ దాటీది?"

"అది వేరే సందర్భం."

"చెట్టు సొత్తు కాదు, కాపలా అన్నారు. నాకు బాగా నచ్చిందండి ఆ మాట. మా కోడలు చేత స్టేటస్ కూడా పెట్టించినాను." టీ ఇప్పించాడు. తాగాను. "కొండలరావు చేత రాయించి తెండి. ఆయనది ఆనుకున్న ఇల్లు కదా. ఆదివారం మీటింగులో పెట్టీస్తాను."

వార్డు ఆఫీసుకీ వెళ్ళాను. నిఖిత ఫోనులో చూసి, "మీరే కొట్టించమన్నారు, మీరే ఆపీసినారు, ఇప్పుడు అసోసియేషన్ లెటర్ లేకుండా ఓపెన్ అవట్లేదండి" అంది. మీరే కొట్టించమన్నారు అని ఆ పిల్ల రెండుసార్లు అంది. నేను వినిపించుకోలేదు. బోర్డు మార్చారు. ఫిర్యాదులు. ఒప్పుగానే ఉంది.

నవంబరు 23

కొండలరావు గుమ్మం ముందు దాకా వెళ్ళి కూరగాయల బండి కోసం వచ్చినవాడిలా వెనక్కి వచ్చేశాను. రెండుసార్లు.

నవంబరు 24

వెళ్ళాను.

అతను వరండాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి బయట హోటలు నుంచి తెచ్చుకుంటాడు. నాకో ఇడ్లీ ఆకులో పెట్టి తోశాడు. తినలేదు. విషయం చెప్పాను. చెట్టు వల్ల అతనికి ఇబ్బందిగా ఉందని రాసివ్వాలి. నేనే రాస్తాను, సంతకం పెడితే చాలు.

"నాకేటి ఇబ్బంది బావా?"

"పూత. వాసన."

"నాకు వాసనే తెలీదు. ఎన్నేళ్ళు బొగ్గు దింపినాను. ముక్కు అప్పుడే పోయింది. నువ్వు గోడ మీంచి పువ్వు పోసీవోడివి కదా, సక్కగా కనిపించీది. నాకేటని ఊడ్చుకునీవోణ్ణి."

"మరి ఇబ్బంది లేకపోతే కంప్లైంట్ ఎందుకిచ్చావు, ఆ రోజు?"

"ఏ రోజు?"

"లారీ వచ్చిన రోజు. నా పేరు పెట్టి."

చెయ్యి కడుక్కోబోతూ ఆగాడు. "నాను నీ పేరు ఎట్టి కంప్లైంట్ ఇచ్చీటంత తెలివైనోణ్ణా? నాకు ఫోనులో ఫొటోలు సూడ్డమే రాదు."

ఇద్దరం వీధి వైపు చూస్తూ కూర్చున్నాం. చూడవలసింది ఏమీ లేదు వీధిలో.

"నీ ఇంట్లో అద్దెవాళ్ళకి ఇబ్బంది అని రాద్దాం" అన్నాను.

"వోళ్ళకీ లేదు. లేంది రాస్తే సంతకం ఎట్టను. సెల్లికి ఊపిరాడట్లేదని రాయి. ఎట్టీస్తాను."

"చెల్లి ఎవరు?"

నా వైపు చిత్రంగా చూశాడు. "భ్రమరాంబ. మా ఊరూ ఆవిళ ఊరూ పక్కపక్కనే కదా. మీరు ఈ ఇంట్లోకి దిగిన రోజే అన్నయ్యా అన్నాది. లేకపోతే నిన్ను బావా అని ఎందుకంటాననుకున్నావు? నీ మొహం సూసా?"

కాగితం తెచ్చాను. మొదట నా పద్ధతిలో రాశాను: 'పొరుగు ప్రాంగణమందలి సప్తపర్ణీ వృక్షము పుష్పించు ఋతువున...' చదివి వినిపించాను.

"ఎవుళికి అర్థం అవుతాది బావా? మామూలుగా రాయి. ఏటి జరిగిందో అదే రాయి."

నేను రాసుకునే ఏ కాగితంలోనూ, ఇందులో కూడా, ఆ వాక్యం ఇంతవరకూ రాయలేదు. అతను చెబుతూ ఉంటే రాశాను. చివరికి ఇలా తేలింది:

'అయ్యా, మా పక్కింటి తిరుమలరావుగారి ఏడాకుల చెట్టు పూతకు ఆయన భార్య భ్రమరాంబకు ఊపిరి ఆడడం లేదు. పోయినేడు కూడా ఇలాగే అయింది. ఈ నెల తొమ్మిదిన ఆస్పత్రికి తీసుకుపోతే బతికింది. ఆ చెట్టు ఉన్నంతకాలం ఆమె ఇంటికి రావడానికి లేదు. చెట్టు తీయించవలెను.'

"ఇంటాయనకి సెప్పినా ఇనలేదు, అది కూడా ఎయ్."

"అది అక్కర్లేదు."

"అక్కర్లేదేటి? అప్పుడు వోళ్ళు, మరి ఇంతకాలం ఏటి సేసినారని అడగరా? ఎయ్."

వేశాను. 'ఇంటివారికి చెప్పినా వినలేదు.' కలం బాగా నడిచింది ఆ వాక్యానికి. అతను కింద తన సంతకం పెట్టాడు, ఒక్కొక్క అక్షరం తవ్వినట్టు. కాగితం చేత్తో పట్టుకుని దూరంగా పెట్టి చూశాడు.

"బాగా రాసినావు బావా. ఎవుళో కోపంతో రాసినట్టుంది."

ఇడ్లీ తిన్నాను. చల్లారిపోయింది.

నవంబరు 30, ఆదివారం

సన్యాసిరాజు ఆ ఉత్తరాన్ని మైకులో చదివాడు. మొత్తం. చివరి వాక్యం దగ్గర ఆగి, ఇంకోసారి చదివాడు. నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను. రాణి తల దించుకుంది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగితే అందరూ నా వైపు చూశారు. "లేదు" అన్నాను. మైకు లేకుండా అన్నాను కాబట్టి, మళ్ళీ అనమన్నాడు.

"లేదు."

డిసెంబరు 1

ఆఫీసులో కాగితం కదిలిందట. ఎప్పుడొస్తారో తెలియదు. ఈ లోపల భ్రమరాంబ మనసు మారి అక్కడే ఉండిపోతానంటే? చెప్పలేదు ఇంకా. అయ్యాక చెబుతాను. మళ్ళీ ఏదో అడ్డం వస్తే?

డిసెంబరు 3

రాలేదు. వీధిలో లారీ చప్పుడైనప్పుడల్లా గేటు దాకా వెళుతున్నాను.

డిసెంబరు 5

వచ్చారు. ఎల్లాజీయే.

"మొన్న రంపం మీ మీద ఎట్టమన్నారు. ఇయాల టీలు ఇస్తన్నారు. ఏటి సార్ ఇది?"

"పని చూడు."

"ఈపాలి గ్యారంటీయే కదా? నిచ్చెన దింపీమంటారా?"

పై నుంచి మొదలుపెట్టారు. కొండలరావు అద్దెవాళ్ళ స్కూటర్లన్నీ ముందే తీయించేసి, వీధికి అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్ళని పంపిస్తున్నాడు, ట్రాఫిక్ పోలీసులాగా. మధ్యాహ్నానికి మొదలు మిగిలింది. దాన్నీ నేల మట్టానికి కోశారు. పాలు కారాయి. కాసేపు చూసి లోపలికి వచ్చేశాను. గదిలో వెలుతురు ఎక్కువైంది. ఏం తోచలేదు. గదిలో ఉన్న పుస్తకాలన్నీ తుడిచాను.

సాయంత్రం ఫోను చేశాను.

"తీయించేశారు" అన్నాను.

"నిజంగానా?" అంది భ్రమరాంబ.

"మొదలు కూడా."

"మీరు ఒప్పుకున్నారా? ఎవళు తీయించారు?"

"కొండలరావు. రాసి ఇచ్చాడు, మీటింగులో."

"అన్నయ్యా? అన్నయ్యకి రాయడం వచ్చేటి?"

"ఎవరి చేతో రాయించాడు."

"మంచి పని చేశాడు. ఆయనకి నాను ఏం రుణపడ్డానో. మీరు గొడవేమీ పెట్టుకోలేదు కదా, ఆయనతో?"

"లేదు."

"ఒకపాలి బోయనానికి పిలుద్దాం. ఆయనకి సేపల పులుసంటే ఇష్టం. మీకు పడదని ఎప్పుడూ చెయ్యలేదు. ఆదివారం వస్తాను, గౌరి దింపుతానంది."

"పిలుద్దాం" అన్నాను.

ఎవరి చేత రాయించాడని అడుగుతుందేమోనని ఫోను పట్టుకుని ఉన్నాను. అడగలేదు. అవతల ఆవిడ ఊపిరి వినపడుతోంది. గరగర లేదు. వింటూ ఉన్నాను. "ఉన్నారా?" అంది. ఉన్నాను అన్నాను. పెట్టేసింది.